కనీస వైద్యుడు

ఈ దేశంలో వైద్యుడనిపించుకోవడానికి ఎంత తక్కువ తెలిస్తే చాలునో, సరిగ్గా అంత మాత్రమే తెలిసినవాణ్ణి నేను. ఇది నా వినయం కాదు. మా ఆవిడ అభిప్రాయమూ కాదు. విదేశీ వైద్య పట్టాల పరీక్షా మండలి వారు గుండ్రటి ముద్ర వేసి జారీ చేసిన ఉత్తర్వు. అందులో నా పేరు ‘డాక్టర్ గన్నవరపు శేషావతారం, తణుకు’ అనీ, ఎదురుగా హోదా ‘కనీస వైద్యుడు’ అనీ చక్కగా టైపు చేసి ఉంది.

ఆ హోదా నాకెలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ పరీక్ష గురించి చెప్పాలి.

బయటి దేశాల్లో ఎంబీబీఎస్ చదివి వచ్చినవాళ్ళు ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలంటే మండలి పరీక్ష నెగ్గాలి. మూడువందల ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. నూట యాభై వస్తే డాక్టరు, నూట నలభై తొమ్మిది వస్తే కాదు. ఇది చాలా ఏళ్ళు ప్రశాంతంగా నడిచింది. చివరికి నూట నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయిన అభ్యర్థి ఒకాయన కోర్టుకెక్కాడు. “నూట యాభయ్యే ఎందుకు?” అని న్యాయమూర్తి గారు అడిగారు. “మూడువందల్లో సగం కనక” అన్నాడు మండలి లాయరు. “సగమే తెలిసిన డాక్టరు మిగతా సగం రోగాలొచ్చినవాళ్ళని ఏం చేస్తాడు? శాస్త్రీయమైన కారణం పట్టుకురండి” అని న్యాయమూర్తి గారు వాయిదా వేశారు.

శాస్త్రం కోసం మండలి పదకొండు మందితో సంఘం వేసింది. పదిమంది పెద్ద పెద్ద ప్రొఫెసర్లు. పదకొండో వాడు ‘మారుమూల ప్రాంత ప్రతినిధి’ అయి ఉండాలని నిబంధనట. జిల్లా ఆస్పత్రిలో పనిచేసి రిటైరై, తణుకులో చిన్న క్లినిక్ పెట్టుకున్న నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. తణుకు మారుమూల ఎలా అయిందని నేను అడగలేదు. పిలిచారు, అదే పదివేలు అనుకున్నాను.

మండలి సభ్య కార్యదర్శి డాక్టర్ ఆకొండి నరహరి గారు మాకు పని వివరించారు. “మాన్య సభ్యులారా! మీరు మనోనేత్రంతో ఒక వైద్యుణ్ణి దర్శించాలి. అతడు ఉత్తముడు కాడు, అధముడు కాడు. వైద్యుడనే పదానికి అంచున నిలబడి ఉన్నవాడు. ప్రతి ప్రశ్నకూ అతడు సరైన జవాబు ఇస్తాడా లేదా అన్నది మీరు నిర్ధారించాలి. ఆ మొత్తమే ఉత్తీర్ణతాంకం.”

మూడు రోజులు మేం ఆ మనిషిని ఊహించాం. ఒక ప్రొఫెసరు ఊహించినవాడికి గుండె జబ్బులన్నీ తెలుసు, చర్మవ్యాధులు తెలియవు. ఇంకొకాయన ఊహించినవాడు చర్మాన్ని చూసి అన్నీ చెప్పేస్తున్నాడు, స్టెతస్కోపు ఎటు పెట్టుకోవాలో తెలీదు. ఎవరికి వాళ్ళు తమ శాఖ అందరికీ తెలిసి తీరాలంటారు, పక్కవాడి శాఖ ఎవరికీ అక్కర్లేదంటారు. మూడోరోజు మధ్యాహ్నానికి ఇద్దరు ప్రొఫెసర్లు మాట్లాడుకోవడం మానేశారు.

అప్పుడు నరహరి గారు గొంతు సవరించుకున్నారు. “ఊహాజనిత వైద్యుడికి హాజరుపట్టీలో సంతకం ఉండదు. న్యాయస్థానం అతణ్ణి పిలిస్తే మనం ప్రవేశపెట్టలేం. కావున సజీవుడైన కనీస వైద్యుణ్ణి నియమించుకోవడం శ్రేయస్కరం.”

పదిమందీ ఒక్కసారి నా వైపు తిరిగారు. ముందుగా అనుకున్నట్టు లేదు. సహజంగానే తిరిగారు.

“నలభై ఏళ్ళ సర్వీసులో మీ మీద ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క అవార్డూ లేదు” అన్నారు నరహరి గారు నా ఫైలు తిరగేస్తూ. “ఇంత సమతూకం దొరకడం దుర్లభం.”

నాకు కళ్ళు చెమర్చాయి. నలభై ఏళ్ళలో ఒక ప్రభుత్వ సంస్థ నన్ను గుర్తించడం అదే మొదటిసారి. వెంటనే సంతకం పెట్టేశాను.

ఇంటికొచ్చి ఉత్తర్వు మా ఆవిడ భ్రమరాంబకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

“కనీసం అంటే తక్కువ అని కదండీ?”

“కాదే. ప్రామాణికం అని. దేశం మొత్తానికి నేనే కొలత.”

“మన వీధి చివర కిరాణా కొట్లో కూడా ఓ కొలత ఉందండి. దాని అడుగు సొట్టపోయింది” అంది.

ఇక నా పని ఇది. అభ్యర్థులు పరీక్ష రాసే రోజునే, అదే పేపరు, మండలి భవనంలో ఒక గదిలో నేనూ రాయాలి. నాకెన్ని మార్కులొస్తే అంత వచ్చినవాడు డాక్టరు. తగ్గినవాడు కాడు. కొలబద్ద ముందు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలని, ఒక పాత పేపరిచ్చి ప్రయోగాత్మకంగా రాయించారు. ఏముంది, రోజూ చూసే రోగాలే కదా అని పుస్తకం ముట్టకుండా వెళ్ళాను.

తొంభై ఏడు వచ్చాయి.

మండలి గణాంక సలహాదారు, బక్కపలచని మనిషి, కాగితం మీదనుంచి చూపు ఎత్తకుండా చెప్పాడు. “నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెట్టుకుంటూ పోయినా సగటున డెబ్బై అయిదు వస్తాయండి. డాక్టరు గారు కళ్ళు తెరిచి రాయడం వల్ల ఇరవై రెండు అదనంగా వచ్చాయి.”

నరహరి గారు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. ఉత్తీర్ణతాంకం తొంభై ఏడైతే రాసిన ప్రతివాడూ డాక్టరైపోతాడు. మండలి ఎందుకున్నట్టు? ఆయన నిర్ణయం ప్రకటించారు. “కనీస వైద్యుడు కనీస స్థాయికి చేరుకోలేదు. పరీక్షకు నాలుగు మాసాల గడువున్నది. ఈలోగా వీరు తమ కనీసత్వాన్ని అభివృద్ధి పరచుకోవలెను. విషయం పరమ రహస్యం.”

చదువుకోమని అన్నమాట. అరవై ఆరేళ్ళ వయసులో ఎవరి దగ్గర చదువుకోను?

అలాంటి మనిషి నా క్లినిక్‌లోనే ఉంది. పేరు మట్టా రూతు. కిర్గిజ్‌స్తాన్‌లో ఆరేళ్ళు మంచులో నడిచి ఎంబీబీఎస్ చదివి వచ్చింది. మండలి పరీక్ష మూడుసార్లు రాసింది. నూట ముప్ఫై ఎనిమిది, నూట నలభై ఆరు, నూట నలభై ఎనిమిది. చట్టం ప్రకారం ఆమె రోగికి క్రోసిన్ కూడా రాయడానికి లేదు. అందుకని నా దగ్గర బీపీ చూడటానికీ పేర్లు రాయడానికీ చేరింది. చేరిన నెలకే ఒక కూలీ జ్వరంతో వచ్చాడు. నేను వైరల్ జ్వరమని రాయబోతుంటే ఆమె నా పక్కకొచ్చి నెమ్మదిగా అంది.

“సార్, కళ్ళు చూడండి, ఎర్రగా ఉన్నాయండి. పిక్కలు ముట్టుకోనివ్వట్లేదు. నీళ్ళు నిలిచిన చేలో దిగుతాడంటండి. లెప్టో అయ్యుంటుందేమో, ఓసారి టెస్ట్ చేయిద్దామండి.”

లెప్టోస్పైరోసిసే. ఎలకల వల్ల వచ్చే జ్వరం, ముదిరితే కిడ్నీలు పోతాయి. నలభై ఏళ్ళుగా వరిచేల మధ్య కూర్చుని, నేను దాన్ని వైరల్ అనే పిలుస్తున్నాను. ఆ కూలీ వారంలో లేచి పనికెళ్ళాడు. అప్పట్నించీ ఆమె చెప్పడం, నేను రాయడం. రోగులు కూడా గుమ్మంలోనే “రూతమ్మ గారున్నారాండి?” అని అడిగి, లేదంటే రేపొస్తామని వెళ్ళిపోయేవారు.

ఆమెతో నిజం చెప్పలేదు. రహస్యమన్నారు, అదొక కారణం. తొంభై ఏడని చెప్పడానికి నోరు రాలేదు, అది అసలు కారణం. “వైద్యుల సంఘంలో క్విజ్ పోటీ పెట్టారమ్మా, కాస్త నన్ను తయారుచెయ్యి” అన్నాను.

పాపం నమ్మింది. మధ్యాహ్నం రోగులు తగ్గాక, నేను క్యారియర్ విప్పుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని ప్రశ్నలడిగేది. రంగురంగుల ఇంకుతో రాసుకున్న నోట్సు ఏడు పుస్తకాలు. వాటిని నాకోసం మళ్ళీ పెద్ద అక్షరాలతో తిరగరాసింది.

“సార్, మీరింకా మీ కాలేజీ పుస్తకంలోనే ఉన్నారండి. ఆ మందు ఇప్పుడు గేదెలకి కూడా ఇవ్వట్లేదు.”

“మరి నేను పోయిన వారం ఇచ్చానే?”

“నేను మార్చేశానండి. మీకు చెప్పలేదంతే.”

నెలలు గడిచేకొద్దీ నాకు రుచి పట్టుకుంది. జవాబు కరెక్టయితే ఆమె “సూపరండి” అనేది. ఆ మాట కోసం తెల్లారి లేవగానే లివర్ అధ్యాయం తీసేవాణ్ణి. నాకోసం రెండు గంటలు ఖర్చయ్యేవి కదా, ఆమె తన చదువెప్పుడు చదువుకుంటోందని ఒక్కరోజైనా అడగలేదు. తనూ అదే పరీక్షకి నాలుగోసారి కూర్చుంటోందని నాకు తెలుసు. నా మార్కుకీ ఆమె బతుక్కీ సంబంధం ఉందన్న సంగతి మాత్రం, క్విజ్ అని నేనాడిన అబద్ధాన్ని నేనే నమ్మేశానేమో, బుర్రకెక్కలేదు.

పరీక్ష రోజున రూతు విజయవాడ దాటి ఎక్కడో ఉన్న కేంద్రానికి బస్సులో వెళ్ళింది. గేటు దగ్గర చెవి దుద్దులు, జడపిన్నులు తీయించి, నిండు చేతుల చొక్కా వేసుకొచ్చిందని దాన్ని భుజాల దగ్గర కత్తిరించి లోపలికి పంపారట. నాకు మండలి వాళ్ళు ఏసీ గది ఇచ్చారు. వయోవృద్ధుణ్ణని ఒక్కో భాగానికి ఇరవై నిమిషాలు అదనం, గంటకోసారి టీ, రెండోసారి బిస్కెట్లు కూడా.

నూట ఎనభై ఎనిమిది వచ్చాయి.

నరహరి గారు శాలువా కప్పారు. “కనీసం పెరిగిననాడే జాతి పెరుగుతుంది” అన్నారు. పత్రికల్లో ‘వైద్య ప్రమాణాల్లో అనూహ్య ప్రగతి’ అని వేశారు. ప్రగతి ఏమిటంటే, ఎప్పుడూ వందలో పద్ధెనిమిది మంది నెగ్గేవారు, ఈసారి ఆరుగురు నెగ్గారు. శాలువా నడిరోడ్డు మీద కూడా తీయకుండా ఇంటికొచ్చాను.

మర్నాడు క్లినిక్‌కి వెళ్తే రూతు ఒక ముసలమ్మకి బీపీ చూస్తోంది. ఆమెని పంపించేసి, బీపీ పట్టీ చుడుతూ చెప్పింది.

“నూట ఎనభై ఒకటి వచ్చాయి సార్.”

“అబ్బో! నూట యాభయ్యే కదా కావాల్సింది” అన్నాను. అంటూ ఉండగానే నా నూట ఎనభై ఎనిమిది గుర్తొచ్చింది.

“ఇప్పుడు మార్చారంటండి. ఎవరో కనీస వైద్యుడంట. ఆయనకి నూట ఎనభై ఎనిమిదొచ్చాయంట, అందుకని అదే కటాఫ్ అంట.” పట్టీని పెట్టెలో పెట్టింది. “ఎవరోగానీ మహానుభావుడు, తెగ చదివేశాడండి.”

కుర్చీలో కూలబడి మొత్తం చెప్పేశాను. తొంభై ఏడు దగ్గర్నుంచి బిస్కెట్ల దాకా. ఆమె నిలబడే విన్నది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

“లివర్ చాప్టర్ మీకు చెప్పకుండా ఉంటే సరిపోయేదండి” అంది చివరికి. “అందులోంచే పదకొండు ప్రశ్నలొచ్చాయి.”

బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ వచ్చిన రోగులు నన్ను చూసి, బెంచీ మీద కాసేపు మర్యాదకి కూర్చుని వెళ్ళిపోయారు. నాలుగో రోజు ఫోన్ చేసి, ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పనికి చేరుతున్నానని చెప్పింది.

నేను మండలికి పరిగెత్తాను. “నన్ను తీసెయ్యండి. వేరే ఎవర్నైనా పెట్టుకోండి” అన్నాను.

నరహరి గారు నొచ్చుకున్నారు. “కనీసం నుంచి రాజీనామాకు నియమావళిలో అవకాశం లేదు డాక్టరు గారూ. కనీసం కన్నా కిందికి పదవి లేదు. పైకి పంపుదామంటే మీకు అర్హత లేదు.”

“పోనీ సంఘంలోని పదిమంది ప్రొఫెసర్లనీ ఓసారి ఈ పరీక్ష రాయమనండి.”

“వారు గరిష్ఠ వర్గం. వారిని కొలవడానికి తగిన సాధనం ఇంకా రూపొందలేదు” అన్నారాయన, టీ తెప్పిస్తూ.

బస్సులో తిరిగొస్తుంటే ఉపాయం తట్టింది. తీసెయ్యకపోతే పోనీ. వచ్చే పరీక్షలో అన్నీ తప్పులే రాస్తాను. కొలత కిందికి దిగుతుంది, అందరూ నెగ్గుతారు. నా పరువు పోతుంది, పోనీ. భ్రమరాంబ దృష్టిలో అదెలాగూ లేదు.

రూతు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మంచినీళ్ళిచ్చింది గానీ కూర్చోమనలేదు.

“ఇంకొక్కసారి రాయమ్మా” అన్నాను. “ఈసారి కటాఫ్ నా చేతిలో పని.”

“పోయినసారి కూడా మీ చేతిలో పనేనండి.”

“నిజమే. ఈసారి అడ్డంగా తప్పుతాను. మాటిస్తున్నాను.”

“ఇదే ఆఖరుసారి సార్. మీకోసం కాదు, మా అమ్మ కోసం రాస్తాను” అంది.

పరీక్ష గదిలో కూర్చున్నాక తెలిసింది, తప్పు రాయడం ఎంత కష్టమో. సరైన జవాబు కనబడగానే రూతు ‘సూపరండి’ అన్నట్టే వినిపించేది. చెయ్యి అటే పోయేది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని పక్క గడిలోకి లాగాను. తెలిసినవన్నీ తప్పించాను. సగం తెలిసినవీ తప్పించాను. బొత్తిగా తెలియనివి మాత్రం గుడ్డిగా పెట్టుకుంటూ పోయాను. బయటికొచ్చి, జీవితంలో మొదటిసారి ఒక మంచిపని చేశాననుకున్నాను.

పంతొమ్మిది వచ్చాయి.

మండలి సమావేశంలో నేను తలొంచుకుని కూర్చున్నాను, తిట్లు తినడానికి సిద్ధంగా. గణాంక సలహాదారు మాత్రం మొదటిసారి తల ఎత్తి నావైపు చూశాడు. ఆ చూపులో భక్తి ఉంది.

“గుడ్డివాడికి కూడా డెబ్బై అయిదు రావాలి. డాక్టరు గారికి పంతొమ్మిదే వచ్చాయంటే అది అజ్ఞానం వల్ల సాధ్యం కాదండి. సరైనది తెలిసినవాడే దాన్ని ఇంత కచ్చితంగా తప్పించగలడు. లెక్క కట్టాను. పంతొమ్మిది అదృష్టవశాత్తూ వచ్చినవి. నాలుగింట ఒకటి చొప్పున, ఆయనకి తెలియనివి డెబ్బై ఆరు. తక్కిన రెండువందల ఇరవై నాలుగూ తెలుసు. సవ్యంగా రాసి ఉంటే మొత్తం రెండువందల నలభై మూడు.”

“అయ్యా, తప్పు పెట్టడానికి సరైనది తెలియక్కర్లేదు. నాలుగింట్లో ఒకటి కాదని తెలిస్తే చాలు” అన్నాను లేచి.

“మీ వినయం మినిట్స్‌లో నమోదు చేయిస్తాను” అన్నారు నరహరి గారు. రెండువందల నలభై మూడు ఉత్తీర్ణతాంకంగా ప్రకటించారు. దేశం మొత్తం మీద నలుగురు నెగ్గారు. రూతుకి నూట తొంభై రెండు.

ఈసారి ఆమె నాకు ఫోన్ కూడా చేయలేదు. నేను చేస్తే వాళ్ళమ్మ తీసి, “పిల్ల పనికెళ్ళిందండి, డాక్టరు గారూ” అని పెట్టేసింది. డాక్టరు గారూ అన్న ఆ మాట చెవిలో ఉండిపోయింది. అన్నం సయించలేదు.

“ఏం చేద్దామంటావే?” అని భ్రమరాంబని అడిగాను. నలభై ఏళ్ళలో ఆవిణ్ణి ఏదైనా అడగడం అదే మొదలు.

“తెలివితేటలు చూపించి చూశారు, తెలివితక్కువతనం చూపించి చూశారు. ఇంక మిగిలింది నిజం చెప్పడమే కదండీ” అంది పప్పు వడ్డిస్తూ.

కోర్టులో ఆ పాత కేసు ఇంకా నడుస్తూనే ఉంది. లాయరు ద్వారా అర్జీ పెట్టుకుని, సాక్షిగా నిలబడ్డాను. న్యాయమూర్తి గారు, “మీరేనా ఆ కనీస వైద్యుడు?” అని అడిగి ముందుకు వంగి చూశారు. మొత్తం చెప్పాను. నలభై ఏళ్ళు వైద్యం చేసినవాడికి పుస్తకం తియ్యకపోతే తొంభై ఏడు వచ్చాయనీ, నాకు చదువు చెప్పిన మనిషే నావల్ల రెండుసార్లు తప్పిందనీ, ఆమె పట్టుకున్న రోగాలకి నేను సంతకాలు పెడుతున్నాననీ చెప్పాను. కోర్టు హాల్లో నవ్వులు వినిపించాయి. నేనూ బయటివాణ్ణయితే నవ్వేవాణ్ణే.

న్యాయమూర్తి గారు నవ్వలేదు. రెండు పరీక్షల ఫలితాలనీ పాత నూట యాభై లెక్కనే తిరిగి ప్రకటించమని ఆ రోజే ఆదేశించారు. నూట యాభై శాస్త్రీయం కాకపోవచ్చుగానీ, కనీసం అది టీ తాగదు అన్నారు.

రూతు నెగ్గింది. పాడేరు వైపు ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్‌కి వేశారు. వెళ్ళే ముందు క్లినిక్‌కి వచ్చింది. క్షమాపణ చెప్పబోతే చెప్పనివ్వలేదు. “మీ మీద కోపం పూర్తిగా పోలేదండి. కొంచెం ఉంది. తగ్గాక ఫోన్ చేస్తాను” అంది. ఏడు నోట్సు పుస్తకాలు బల్లమీద పెట్టింది. “ఇవి మీకు అవసరం పడతాయండి.”

ఎందుకో నాకప్పటికి తెలీదు. నా సంగతి ఆమె అప్పటికే పేపర్లో చదివిందట. మండలి నుంచి నాకు తాఖీదు మర్నాడు వచ్చింది. ‘న్యాయస్థానము ఎదుట తమకు తొంభై ఏడు మార్కులు మాత్రమే వచ్చినట్లు తామే ప్రమాణపూర్వకముగా అంగీకరించి యున్నందున, ప్రజారోగ్య దృష్ట్యా తమ రిజిస్ట్రేషన్ తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది. తాము సాధారణ అభ్యర్థిగా పరీక్షకు హాజరై ఉత్తీర్ణులు కావలెను.’ కింద నరహరి గారి సంతకం, పక్కన ఆయన సొంత దస్తూరీతో ‘శుభాకాంక్షలు’.

ఆ విధంగా మొన్న ఆదివారం ఉదయం విజయవాడ అవతల పరీక్షా కేంద్రం గేటు ముందు క్యూలో నిలబడ్డాను. నా ముందు వెనకలంతా పాతికేళ్ళ పిల్లలు. గేటు దగ్గర చెవి మిషను తీయించారు. అది లేకపోతే వినపడదన్నాను. ప్రశ్నలు వినేవి కాదు, చదివేవన్నారు. నడుముకి కట్టుకున్న హెర్నియా బెల్టు తీయించారు. మొలతాడు గురించి ఇద్దరు గార్డులు చర్చించుకుని, చివరికి ఉండనిచ్చారు.

ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో హాల్ టికెట్టు పట్టుకుని లోపలి బెంచీ మీద కూర్చుంటే, పక్కనున్న అమ్మాయి జరిగి చోటిచ్చింది. జార్జియాలో చదివిందట. ఇది మూడోసారట. చెవి దగ్గరగా వంగి గట్టిగా అడిగింది.

“మీరే దేశంలో చదివారంకుల్?”

“ఇక్కడేనమ్మా. మన దేశంలోనే.”

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. “అయ్యో, ఇక్కడ చదివినవాళ్ళకి కూడా పెట్టేశారా?”

“ఇంకా లేదు తల్లీ” అన్నాను. “ప్రస్తుతానికి నా ఒక్కడికే.”

ఆ అమ్మాయి తన సీసాలో మిగిలిన నీళ్ళు నా చేతిలో పెట్టి, లోపల బాత్రూముకి పోనివ్వరు, సగమే తాగండి అంది. సగం తాగి, ఇద్దరం లోపలికి నడిచాం.